ఏడుపుగుంటలో పెట్టిన పేరు

ఉత్తరాన మంచుసీమలో, కరష్యోక్ ఊరి నుంచి కౌతోకైనో వెళ్ళే దారిలో, ఏడుపుగుంట దగ్గర చీకటి పడ్డాక బండి ఆపకూడదు. ఆపినా దిగకూడదు. దిగినా... ఏమీ వినకూడదు.

ఆ చుట్టుపక్కల పాలు తాగే పిల్లలు తప్ప ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎప్పుడో కరువు రోజుల్లో ఎవరో తల్లి, బాప్తిస్మం కూడా కాని బిడ్డను అక్కడ మంచులో వదిలేసి పోయిందట. ఆ బిడ్డ ఇంకా ఏడుస్తూనే ఉందట — పాల కోసం కాదు, పేరు కోసం.

ఏడుపు వినపడితే ఏం చెయ్యాలో కూడా అందరికీ తెలుసు. పారిపోకూడదు, పారిపోతే ఇంటిదాకా వెంట వస్తుంది. గుప్పెడు మంచు తీసి ఏడుపు వచ్చే వైపు విసిరి, ఆడబిడ్డవైతే నీ పేరు ఫలానా, మగబిడ్డవైతే ఫలానా అని చెప్పెయ్యాలి. పేరు అందగానే నోరు మూస్తుంది. అయితే ఒక్క జాగ్రత్త — సొంత ఇంటి పేరు ఇవ్వకూడదు. అటు వెళ్ళిన పేరు మళ్ళీ ఇటు రాదు. అందుకే పాతకాలం వాళ్ళు ఆ దారిన పోయేటప్పుడు ఆదాము, హవ్వ అని రెండు పేర్లు నాలుక చివర పెట్టుకుని పోయేవాళ్ళు.

ఇదంతా తెలిసి కూడా యోవ్నా ఒక ఘనకార్యం చేశాడు. ఆయన నోటినుంచి విన్నవాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను. అబద్ధం ఉంటే ఆ పాపం ఆయనది.

యోవ్నా వార్దో రేవులో చేపల పడవ మీద వంటవాడు. యాభై ఏడేళ్ళు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, నోటికి అడ్డూ లేదు. ఎవరైనా దెయ్యం మాట ఎత్తితే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. తన చేపల పులుసు తిని బతికి బట్ట కట్టినవాణ్ణి ఏ దెయ్యమూ ఏమీ చెయ్యలేదని ఆయన వాదన. ఆ పులుసు తిన్నవాళ్ళు కాదనలేదు.

ఆ ఏడు ఈస్టరు మార్చి ఆఖర్లో వచ్చింది. పండగ ముందురోజు తెల్లవారకముందే, ఒక్కడే పాత వ్యాను ఎక్కి కౌతోకైనో బయలుదేరాడు. ఐదొందల కిలోమీటర్ల దాకా దారి. పక్క సీట్లో ఫ్లాస్కు నిండా కాఫీ, జేబులో ఎండబెట్టిన రెయిన్‌డీర్ మాంసం ముక్కలు, చాకు. అంతే సామాను.

కాదు... ఇంకొకటి కూడా మోసుకెళ్తున్నాడు. ఒక పేరు.

యోవ్నా తండ్రి ఇస్సాత్ పోయిన శరత్కాలంలో కన్నుమూశాడు. పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని, "నా పేరు మంచులో కలవనియ్యకురా" అన్నాడు. యోవ్నాకు పిల్లలే లేరు. అక్క రిస్తెన్‌కు ముగ్గురూ ఆడపిల్లలే. ఇక ఆ పేరు అయిపోయినట్టేనని అందరూ అనుకుంటుండగా, రిస్తెన్ చిన్న కూతురు మారెత్ ఫిబ్రవరిలో కొడుకును కంది. తల్లి మేనమామే జ్ఞానతండ్రిగా పిల్లాడి పక్కన నిలబడి, గుడిలో పాస్టరు అడిగినప్పుడు ఇస్సాత్ అని చెప్పాలి. ఈస్టరు రోజు పదకొండింటికి. ఆ మాట వచ్చిన రోజున యోవ్నా పడవ వంటగదిలో ఒంటరిగా కూర్చుని ఏడ్చాడు. ఉల్లిపాయలు కోస్తున్నానని అందరికీ చెప్పాడు.

మధ్యాహ్నం దాకా దారి బంగారంలా ఉంది. ఎండ కాసింది, మంచు కరిగి రోడ్డు మీద నీళ్ళు పారాయి. ఆయన తండ్రి మీద కట్టిన పాట పాడుకుంటూ, పాట మరిచిపోయిన చోట ఈల వేసుకుంటూ నడిపాడు. సాయంత్రానికి కరష్యోక్ దాటాడు. అక్కడ గాలి తిరిగింది.

ఆ పీఠభూమి మీద గాలి తిరిగితే పై నుంచి మంచు పడక్కర్లేదు, కింద ఉన్నదే లేస్తుంది. ముందు రోడ్డు పోయింది. తర్వాత రోడ్డు పక్కన పాతిన గుర్తు కర్రలు పోయాయి. చివరికి ఆయన బండి ముక్కు ఆయనకే కనపడలేదు. అద్దం మీద గడ్డ కట్టింది, తుడిచే కర్ర రెండు ఊపులు ఊగి ఆగిపోయింది.

బండి ఆపి, చాకు తీసుకుని దిగాడు. ఎక్కడ ఆపాడో చూసుకోలేదు.

అద్దం సగం గీకాడో లేదో...

వినిపించింది.

సన్నగా. ఆగి ఆగి. పసిగొంతు.

యోవ్నా గీకడం ఆపాడు. ఏడుపూ ఆగింది. గాలిలే అనుకున్నాడు. మళ్ళీ చాకు ఆనించాడు — మళ్ళీ మొదలైంది. ఈసారి దగ్గరగా... కుడివైపు నుంచా, ముందునుంచా, తెలియదు. అప్పుడు గుర్తొచ్చింది తానెక్కడున్నాడో. ముప్పై ఏళ్ళు సముద్రం మీద బతికిన మనిషి వెళ్ళి వ్యానుకు వీపు ఆనించాడు. పరుగెత్తకూడదని తెలుసు.

గుప్పెడు మంచు తీశాడు. గాల్లోకి విసిరాడు. నోరు తెరిచాడు.

ఆదాము రాలేదు. హవ్వ రాలేదు. పొద్దుటినుంచీ నాలుక మీద తిరుగుతున్నది ఒకే ఒక్క పేరు... అదే వచ్చింది.

"ఎవరైతేనేం... నీ పేరు ఇస్సాత్!"

ఏడుపు టక్కున ఆగిపోయింది.

గాలి ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత తెలిసొచ్చింది తానేం చేశాడో. చాకు అక్కడే పారేసి బండెక్కి, అద్దంలో చాకు గీకిన కంతలోంచి చూస్తూ, అటూ ఇటూ తల తిప్పకుండా తోలాడు. కౌతోకైనో చేరేదాకా ఊపిరి పీల్చినట్టు ఆయనకు గుర్తులేదు.

రాత్రి పదకొండింటికి అక్క ఇంటి తలుపు తట్టాడు. రిస్తెన్ కాఫీ పోసి, అక్కడి అలవాటు ప్రకారం అందులో జున్ను ముక్కలు వేసి ఇచ్చింది. మారెత్, ఆమె మొగుడూ పిల్లాణ్ణి తీసుకుని వెండి గుండు తేవడానికి కరష్యోక్ వెళ్ళారని, బాప్తిస్మం కాని బిడ్డ తొట్టికి వెండి కట్టకపోతే ఏదైనా సోకుతుందని, ఈపాటికి వాళ్ళింటికి చేరి పడుకుని ఉంటారని చెప్పింది. తమ్ముడు కాఫీ ముట్టలేదు. కాఫీ ముట్టని తమ్ముణ్ణి ఆవిడ పుట్టి ఇంతవరకూ చూడలేదు.

"ఏం చేశావురా?" అంది మెల్లగా.

చెప్పాడు. ఏడుపు సంగతి, మంచు సంగతి, పేరు సంగతి. రిస్తెన్ కాఫీ గిన్నె పక్కకు నెట్టింది. తర్వాత మొదలెట్టింది, ఆపలేదు. నోరా వీపుకు దెబ్బలు తేకే అని ఊరికే అన్నారా అంది. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట, నీకు పేరు అప్పజెప్పిన మమ్మల్ని అనాలి అంది. తొంభై ఏళ్ళు నాన్న కాపాడుకున్న పేరును తీసుకెళ్ళి గుంటలో పోశావు కదరా అని కళ్ళు తుడుచుకుంది. యోవ్నాకు ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. తలవంచుకు కూర్చున్నాడు.

తిట్లు అయిపోయాక అసలు పని మిగిలింది. తెల్లారేలోపు ఇంకో పేరు కావాలి.

చిన్న తాత పేరు అనుకున్నారు, ఆయన తాగి బండిమీంచి పడి పోయినవాడు. పెదనాన్న పేరు అనుకున్నారు, ఆయన పక్కవాళ్ళ రెయిన్‌డీర్ల చెవులకు రాత్రికి రాత్రి తన గుర్తు కోసి, వాటిని తనవి చేసుకున్న మహానుభావుడు. అమ్మ తమ్ముడి పేరు బాగానే ఉంది గానీ ఆయన ఇంకా బతికే ఉన్నాడు, పిల్లాడికి తన పేరు పెట్టారని తెలిస్తే రోజూ భోజనాల వేళకు వచ్చి కూర్చుంటాడు. చివరికి పియేరా దగ్గర ఆగారు. పియేరా ఎవరో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. అదే మంచిదనుకున్నారు.

ఇక మారెత్‌కు ఎవరు చెప్పాలన్నది తేలకుండానే తెల్లవారింది.

పదింటికి మారెత్ వచ్చింది. వెనక అల్లుడు హెయికా, చేతిలో తొట్టి, తొట్టిలో పిల్లాడు. పండగ బట్టలు, భుజాల మీద వెండి మెరుపులు — మొహాలు మాత్రం సున్నం కొట్టినట్టున్నాయి. యోవ్నా గొంతు సవరించుకుని లేచాడు. ఆయన నోరు తెరిచేలోపే మారెత్ తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా... పేరు మార్చాలి."

అక్కాతమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మారెత్ గుసగుసగా చెప్పింది. రాత్రి వస్తుంటే దారి కనపడక ఏడుపుగుంట దగ్గర, మలుపు దాటాక ఆగారట. దీపాలు ఆర్పి, ఇంజను కూడా ఆపి కూర్చున్నారట. మంచు గుట్ట వెనకనుంచి ఏదో తెల్లటి వెలుగు... ఆ వెలుగులోంచి ముసలి గొంతు... పిల్లాణ్ణి పేరు పెట్టి పిలిచిందట. ఇస్సాత్ అని. తాతయ్యే వచ్చాడట, పిల్లాణ్ణి తనతో తీసుకుపోవడానికి. ఆ తర్వాత ఆ వెలుగు వాళ్ళ పక్కనుంచే హోరుమంటూ పోయిందట. ఉచ్చుతాడు విసిరి మదమెక్కిన మగ రెయిన్‌డీర్లను పడగొట్టే హెయికా, పెళ్ళాం కంటే ముందు దుప్పటి కప్పుకున్నాడట. హెయికా అక్కడే నిలబడి బూట్లు చూసుకున్నాడు.

రిస్తెన్ భుజాలు కదలడం మొదలెట్టాయి. బల్ల పట్టుకుని నవ్వింది. కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది.

తాతా లేడు, ఎవరూ లేరు, అది మీ మామయ్య గొంతు అంది. ఆ వెలుగు వ్యాను దీపాలు అంది. మారెత్ ఒక్క క్షణం నిలువుగుడ్లు వేసి, ఆ తర్వాత మేనమామను ఎన్ని అనాలో అన్నీ అంది. రాత్రివేళ మంచులో నిలబడి అరవాల్సిన అవసరం ఏమొచ్చిందని నిలదీసేలోపు గుడి గంట మోగింది. తొట్టి ఎత్తండి, శాలువాలు కప్పుకోండి అని రిస్తెన్ అందరినీ బయటికి తోసింది. తమ్ముడి చెవిలో మాత్రం ఒక మాట వేసింది.

"నువ్వు దెయ్యానికేం పెట్టలేదురా. పెట్టాల్సినవాడికే పెట్టావు. ఏడ్చింది మన పిల్లాడే."

యోవ్నాకు గుండెల మీది బండ దిగింది. పాస్టరు పేరు అడిగినప్పుడు గుడి కప్పు అదిరేలా ఇస్సాత్ అన్నాడు. వెనక వరసలో ముసలమ్మలు ఉలిక్కిపడ్డారు. తలమీద నీళ్ళు పడినా పిల్లాడు కిక్కురుమనలేదు.

ఇంటికొచ్చాక భోజనాలు. మాంసం, బంగాళాదుంపలు వేసి పొద్దుటినుంచీ ఉడికించిన పులుసు ఘుమఘుమలాడుతోంది. మూడు గిన్నెలు పట్టించాక యోవ్నాకు పాత నోరు తిరిగొచ్చింది. రాత్రి కథంతా అభినయంతో సహా చెప్పాడు, తన భయానికి తనే ఎక్కువ నవ్వాడు. తొట్టి మీదికి వంగి పిల్లాడి బుగ్గ గిల్లాడు.

"ఏం గొంతురా నీది! గాలిని దాటుకొచ్చింది. అచ్చం మా నాన్న గొంతే."

మారెత్ చెంచా కింద పెట్టింది.

"మామయ్యా... వీడు ఏడవలేదు."

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

"కరష్యోక్‌లో పడుకున్నవాడు ఇంటికొచ్చాక గానీ లేవలేదు. ఆ ఏడుపు... మేమూ విన్నాం. మనిషి బిడ్డేమోనని హెయికా ఇంజను ఆపాడు, వినడానికి. బాప్తిస్మం కాని బిడ్డ ఎదుట ఆ మాట ఎత్తకూడదని పొద్దున చెప్పలేదు."

హెయికా తల ఊపాడు. మీరు పేరు పెట్టగానే ఆగిపోయింది అన్నాడు, గొంతు తగ్గించి.

రిస్తెన్ తొట్టి దగ్గరికి వెళ్ళి, కట్టిన వెండి గుండు ఉందో లేదో తడిమి చూసింది. మరి పేరు... అని ఆగిపోయింది. అటు వెళ్ళిందా, ఇటు ఉందా అని అందరి మొహాల్లోనూ అదే ప్రశ్న.

యోవ్నా చాలాసేపు ఆలోచించాడు. బహుశా జన్మలో అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదలు. రెయిన్‌డీర్లు కాసుకునే రోజుల్లో నాన్న గుడారంలోకి ఎవరొచ్చినా, ఎంతమంది వచ్చినా, జరగండ్రా అని పొయ్యి పక్కన చోటు చూపించేవాడు. దారి తప్పినవాణ్ణి నువ్వెవరని కూడా అడిగేవాడు కాదు.

"నాన్న పేరు పెద్దదే అక్కా," అన్నాడు చివరికి. "ఇద్దరికి సరిపోతుంది."

పడవ మర్నాడు, సోమవారం రాత్రికి బయలుదేరుతుంది, ఆయన ఆ ఆదివారం సాయంత్రమే వెళ్ళాలి. తెల్లారాక పొమ్మని ఎంతమంది బతిమాలినా వినలేదు. రిస్తెన్ బాప్తిస్మం కేకులోంచి ఒక ముక్క కోసి కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు, కదల్లేదు.

"ఇంకో ముక్క కట్టు."

దారిలో అంత తింటావా అని అడిగింది.

"నాకు కాదు," అన్నాడు యోవ్నా టోపీ సర్దుకుంటూ. "ఒక ఇస్సాత్‌కు పెట్టి ఇంకో ఇస్సాత్‌కు పెట్టకపోతే... మళ్ళీ ఏడుస్తాడు."

రిస్తెన్ మళ్ళీ చాకు అందుకుంది. పెద్ద ముక్కే కోసింది.