మూడో పేజీలో నంబరు

బస్సు ఆగట్లేదు!

అన్సార్ బైక్ హారన్ మీద నుంచి వేలు తీయట్లేదు. నకరికల్లు దాటి పది నిమిషాలైంది. ముందు నరసరావుపేట బస్సు... వెనక కిటికీ పక్కన నల్ల బురఖా.

వాళ్లక్క షహనాజ్.

ఆమె బస్సు దిగి పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే తన పని అయిపోయినట్టే.

ఫోన్ చేస్తే కట్ చేస్తోంది. నాలుగోసారి... స్విచాఫ్!

మధ్యలో మిర్చి బస్తాల లారీ అడ్డం. ఎడమ పక్క నుంచి దూరాడు. కింద ఇసుక... బండి జర్రున జారింది!

మోకాలు గీరుకుపోయింది. నెత్తురు. ఎర్రటి ఎండ. లేచి బండి లేపేసరికి బస్సు కనపడట్లేదు.

పొద్దున్నే తను పనిచేసే షెడ్డుకు ఫోన్ చేసి భార్య ఫిర్దౌస్ చెప్పిన మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి.

"రాత్రి మీ అక్క ఆ సిబిల్ కాగితాలు తెచ్చి చదివిపెట్టమంది. ఇంగ్లీషులో ఉన్నాయిగా. తను తీసుకోని లోనేదో ఉంది, ఎనభై వేలు. మూడో పేజీలో ఫోన్ నంబర్లున్నాయి. ఒకటి తనది. రెండోది సగం చదివానో లేదో, ఇంక చాల్లేమ్మా అంది. అది మీ నంబరు. ఇందాక ఆ కాగితాలు తీసుకుని నరసరావుపేట బస్సెక్కింది. ఏంది ఇదంతా?"

అక్కకు ఇంగ్లీషు రాదు. తమ్ముడి నంబరు మాత్రం కంఠతా వచ్చు.

బండి ఎనభై దాటింది. అయినా ఆ రోజు వెంటపడుతూనే ఉంది.

ఏడాదిన్నర కిందట... "అక్కా, గ్యాస్ సబ్సిడీకి ఓటీపీ వచ్చుంటది, చెప్పు."

పొయ్యి మీద కూర మాడుతుంటే ఒక్కో అంకె కూడబలుక్కుంటూ చెప్పింది పిచ్చిది. ఆమె పాన్ కార్డు ఫొటో ముందే తన ఫోన్‌లో ఉంది. లోన్ యాప్ వాళ్ల ఫోన్లు ఆమెకు పోకూడదని ఫోన్ చేయాల్సిన నంబరుగా తనదే ఇచ్చాడు. ఎనభై వేలూ క్రికెట్ బెట్టింగ్‌లో మూడు రోజుల్లో ఊడ్చిపెట్టుకుపోయాయి. ఒక్క వాయిదా కట్టలేదు. సిగ్గు లేని బతుకు!

పది రోజుల కిందట అక్క నాలుగు కుట్టుమిషన్లతో షాపు పెడదామని బ్యాంకుకు వెళ్లింది. ఆఫీసర్ గోపాలకృష్ణయ్య కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు. "నీ పేరున అప్పు ఎగ్గొట్టినట్టు పడిందమ్మా. నీది కాకపోతే కంప్లైంట్ పెట్టు. మన అప్పుల లెక్కలుండే సిబిల్ రిపోర్టు ఏడాదికోసారి ఊరకే ఇస్తారు, తీసి చూసుకో."

ఆ రోజే స్టేషన్‌లో పిటిషన్ ఇచ్చింది. రిపోర్టు మొత్తం తెమ్మన్నారు.

ఇంటికొచ్చి తన ముందే ఏడ్చింది. "ఎవడో నా పేరు పాడు చేశాడురా."

అన్సార్ మంచినీళ్లిచ్చాడు. "వాడి చేతులు పడిపోను" అని తిట్టాడు కూడా!

యాక్సిలరేటర్ ఇంకా తిప్పాడు.

బస్టాండ్. బస్సు ఖాళీ!

రోడ్డు మీదికి పరిగెత్తాడు. మోకాలు మండుతోంది. ముందొక ఆటో... స్టేషన్ గేటు... దిగిన బురఖా లోపలికి వెళ్లిపోయింది!

లాక్కోవాలి. ఆ కాగితాలు లాక్కుని చించిపారేయాలి. అంతే!

గేటు దగ్గర సెంట్రీ ఆపాడు. ఎవరు, ఎందుకు, ఆ నెత్తురేంటి... అడిగినవన్నీ మళ్లీ అడుగుతున్నాడు. పావుగంట పోయింది. వదిలించుకుని లోపలికి దూరాడు.

హెడ్ కానిస్టేబుల్ ధనుంజయరావు టేబుల్ ముందు అక్క. చేతిలో పెన్ను. కాగితం మీదికి వంగి ఉంది.

అన్సార్ చెయ్యి చాచాడు. చెయ్యి ముందుకు పోలేదు. చిన్నప్పుడు ఫీజు కాగితాల మీద ఇలాగే వంగి సంతకం చేసేది తన కోసం.

ఇంక ఓర్చుకోలేకపోయాడు.

"సార్... ఆ లోన్ నేను తీసుకున్నా. మా అక్కకు తెలీదు. ఓటీపీ అబద్ధం చెప్పి తీసుకున్నా. నా నంబరే అందులో ఉండేది."



అనేశాడు. గుండెల మీద బరువు దిగిపోయింది. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి గాలి పీల్చుకున్నట్టుంది.

అక్క కళ్లు మూసుకుంది.

ధనుంజయరావు కళ్లద్దాలు తీశాడు. "ఏందమ్మా ఇది? ఆ లోన్ నేనే తీసుకున్నా, మర్చిపోయి కంప్లైంట్ పెట్టా, కేసొద్దు అని ఇప్పుడేగా రాసి సంతకం పెట్టావు?"

అన్సార్ టేబుల్ వైపు చూశాడు.

టేబుల్ మీద రిపోర్టు. మొదటి పేజీ, రెండో పేజీ... నాలుగో పేజీ.

మూడోది అక్క పిడికిట్లో ఉండలా నలిగి ఉంది.

"షాపు లేకపోతే పోయిందిలే అనుకున్నా" అంది మెల్లగా. "రెండు నిమిషాలు ఆగలేకపోయావారా..."

ధనుంజయరావు ఆమె రాసిచ్చిన కాగితం పక్కకు నెట్టాడు. కొత్త తెల్లకాగితం తీశాడు. సెంట్రీ వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వెవడివిరా? చెప్పు."



"మా తమ్ముడండీ" అంది షహనాజ్.