తూకం రోజు

ఉదయం 8:34. ఫ్యాక్టరీ నర్సు గదిలో, తూకం మిషన్ పక్కనే, ప్యాకింగ్ సెక్షన్ కార్మికుడొకడు కుప్పకూలాడు. ముప్ఫై ఏళ్ల మనిషి. డాక్టర్ వచ్చేసరికి ప్రాణం లేదు.

9:10కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. గోడ మీద 'ఒళ్ళు పెరగనివ్వకండి' అన్న పోస్టర్ చూసి, అలవాటుకొద్దీ పొట్ట లోపలికి పీల్చుకున్నాడు.

ఏడాదిగా అక్కడ ఒక ప్రోగ్రామ్ నడుస్తోంది. నర్సు వారం వారం బరువు చూస్తుంది, తిండి విషయం చెబుతుంది. ఇవాళ ఆఖరి తూకం. సెక్షన్ సగటు బరువు పెరగకపోతే పెట్టిన ఖర్చు గిట్టినట్టు. పెరిగితే గది మూత.

అనుమానం మృతుడి అన్న మీదికే పోయింది. అతనిదీ ఆ సెక్షనే. 8:20కి తమ్ముడి చేతిలోంచి నీళ్ల సీసా లాక్కున్నాడని గార్డు చెప్పాడు. విషం కలిపి, బయటపడకుండా లాక్కున్నాడేమోనని సీసాకి సీలు వేశారు.

ఇన్‌స్పెక్టర్ మృతుడి తూకం చీటీలు అడిగాడు. పోయిన వారం 78. ఇవాళ 73.5. తర్వాత ప్యాకింగ్ టేబుళ్ల చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, అందరినీ నర్సు గదికి పిలిపించాడు.

"సీసాలో ఏం కలిపారా అని తెగ చూశాం. షిఫ్టు ఆరింటికి మొదలైంది. ప్యాకెట్లు అతికించే మిషన్ల వేడికి లోపల నిలబడలేకపోయాను. అయినా టేబుళ్ల మీద పదకొండు సీసాలు నిండుగానే ఉన్నాయి. నువ్వు నీళ్లు తాగి ఎంతసేపైంది?"

అన్న పెదాలు ఎండి పగిలున్నాయి. "నిన్న పొద్దున తాగాను సార్."

"ఎందుకు?"

"నాకు షుగరుందని కనిపెట్టింది ఈ సిస్టరమ్మే. గది మూసేస్తే మమ్మల్ని చూసే దిక్కెవరు? ఒక్కరోజు నోరు కట్టుకుందామని నేనే అన్నా. వాడు రెండు స్వెట్టర్లేసుకుని మెట్లు కూడా ఎక్కాడు. ఆఖర్న ఆగలేక తాగబోయాడు. పది నిమిషాలు ఓర్చుకోరా అని నేనే లాక్కున్నా."

ఒంట్లో నీరింకి గుండె ఆగి ఉంటుందని డాక్టర్ అన్నాడు. నర్సు చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇన్‌స్పెక్టర్ ముందు అందరిచేతా నీళ్లు తాగించాడు.

మేనేజర్ తన గదిలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు. తూకాల సంగతి అడిగితే సొరుగులోంచి ఒక ఉత్తరం తీశాడు. పోయిన శుక్రవారం తేదీ. బరువు నిలబడినా ఖర్చు గిట్టదని హెడ్డాఫీసు ముందే తేల్చేసింది. సోమవారం నర్సు గదికి తాళం.

"మరి వీళ్లకెందుకు చెప్పలేదు?"

"ఆఖరి లెక్క పంపమన్నారు. చెబితే తూకానికి ఎవరొస్తారండీ?"

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. కానీ ఏ సెక్షన్ కింద కేసు పెట్టాలో తోచలేదు.

గేటు దగ్గర అన్న ఎదురొచ్చాడు. తమ్ముడి చెప్పులు చేత్తో పట్టుకున్నాడు.

"గదైనా ఉంటుందా సార్?"

సోమవారం ఎలాగూ తెలిసిపోతుంది. అయినా ఇన్‌స్పెక్టర్ నోట నిజం రాలేదు.

"ఉంటుంది," అన్నాడు.