తప్పని తెలిసీ వేసిన మాట

మూడు దేశాల గూఢచారులు ఏజెంట్ గోరింక ప్రాణం తియ్యాలని చూశారు. ఎవరివల్లా కాలేదు. రోజూ పొద్దున్నే కాఫీ టేబుల్ దగ్గర కూర్చుని ఆ పని తీరిగ్గా చేసేది మాత్రం కట్టుకున్న మొగుడే.

ఆయన పళ్ల డాక్టరు. ఫోన్లో రోజుకో మాట కనిపెట్టే ఆట ఆడతాడు. మూడక్షరాల రహస్య మాట, ఆరు ప్రయత్నాలు. అక్షరం సరైన గడిలో పడితే ఆకుపచ్చ. మాటలో ఉండి చోటు తప్పితే పసుపు. అసలు లేకపోతే బూడిద. ఆడుకుంటే ఆడుకున్నాడు, ఎవరికీ నష్టం లేదు. ఆయన ఆడి ఊరుకోడు, పాఠం చెబుతాడు.

"మొదటి మాటలో జనం ఎక్కువగా వాడే అక్షరాలుండాలి. బూడిదైపోయిన అక్షరాన్ని మళ్లీ ముట్టుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మొదట తోచిన మాట మీద మోజు పడకూడదు."

"కాఫీ చల్లారిపోతోంది."

"ఇది చూడవోయ్. చివరి రెండు గళ్లూ ఆకుపచ్చ. 'ల', 'ము'. కలము, బలము, జలము, మూడూ కుదురుతున్నాయి. నాకు మిగిలినవి రెండే ప్రయత్నాలు. నువ్వైతే ఏం చేస్తావు?"

"కలము వేస్తా. కాకపోతే బలము."

"అదీ కాకపోతే?"

"ఓడిపోతా. కొంపలేం మునిగిపోవు."

ఆయన ఆ మాట విననట్టే 'కబళం' అని కొట్టాడు.

"అదేమిటి? కబళం కాదని మీకే తెలుసుగా?"

"తెలుసు. తప్పని తెలిసే వేశాను. 'క' ఆకుపచ్చైతే కలము. 'బ' పసుపైతే బలము. రెండూ బూడిదైతే జలము. ఒక్క ప్రయత్నం పారేసుకుంటే మూడు అనుమానాలూ తీరిపోతాయి. అయితే దీనికో షరతుంది. ఇలాంటి మాట వెయ్యబోయే ముందు..."

ఆమె ఫోను మోగింది. "మేడమ్, పాలు విరిగాయి," అంది అవతలి గొంతు.

పాలు విరిగాయంటే, దొంగ మన ఇంట్లోనే ఉన్నాడని అర్థం. గోరింక లేచి చెప్పులేసుకుంది. ఆమె ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తుందని మొగుడి నమ్మకం.

"షరతు వినవా?"

"సాయంత్రం చెబుదురు గాని," అని గుమ్మం దాటింది.

* * *

డ్రైక్లీనింగ్ షాపులో వేలాడే కోట్ల వెనక ఒక తలుపు. దాని వెనక మెట్లు. ఎక్కితే ఆఫీసు. బాసు కిటికీ తెర మూసేసి మొదలుపెట్టాడు.

"ఈ మధ్య మనవాళ్లు ఇద్దరు పోయారు. మనం ఎక్కడికి రమ్మంటే అక్కడ శత్రువుల మనిషి ముందే కూర్చుని ఉన్నాడు. ఇవాళ సాయంత్రం గడియారాల మేస్త్రీ వస్తున్నాడు."

గోరింక వెన్ను నిటారైంది. గడియారాలు బాగుచేస్తూ శత్రువుల మధ్యనే బతికిన మనిషి అతను. వాళ్ల ముఠా మొత్తం పేర్లు అతని బుర్రలో ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

"ఒక్కడేనా సార్?"

"కూతుర్ని తెస్తున్నాడు. ఆరేళ్ల పిల్ల. వదిలేసి వస్తే అక్కడ దాన్ని బతకనివ్వరు."

తలుపు తోసుకుని స్టెనో వచ్చింది. ఆఫీసంతా ఆవిణ్ణి పిన్నిగారు అంటారు. టైపు చేసిన కాగితం బల్ల మీద పెట్టి, గోరింకని ఎగాదిగా చూసింది.

"జుట్టు తెగ రాలిపోతున్నట్టుందమ్మాయ్. నిద్ర చాలడం లేదా?" అని తన బుగ్గ తనే పట్టుకుని నెమ్మదిగా వెళ్లిపోయింది.

కాగితంలో అనుమానితులు ముగ్గురు. రేడియో ఆపరేటరు. రహస్య లిపి చూసే సైఫర్ క్లర్కు. మూడోది సెంటు. ఆమె అటువైపు పనిచేస్తూ ఇటు వచ్చిన డబుల్ ఏజెంట్. ఆమెకన్నా ముందు ఆమె సెంటు గదిలోకి వస్తుంది గనక ఆ పేరు. మీటింగుల్లో నవ్వేది ఆమె ఒక్కతే. గోరింకని అందరి ముందూ 'అక్కా' అని పిలుస్తుంది. ఇద్దరి వయసుకీ తేడా ఎంతో గోరింక ఎవరికీ చెప్పలేదు.

"సెంటే," అన్నాడు బాసు. "ఒకసారి గోడ దూకిన పిల్లికి రెండోసారి దూకడం నేర్పాలా? ఇప్పుడే పట్టుకుందాం."

"నాకూ అలాగే ఉంది సార్," అంది గోరింక. అలా ఉండడం ఆమెకి హాయిగా కూడా ఉంది. "కానీ కాకపోతే? ఒకళ్లని పట్టుకోగానే అసలు దొంగ మేలుకుంటాడు. మేస్త్రీ దక్కడు, పిల్లా దక్కదు."

"మరేం చేద్దాం?"

పొద్దున్న కాఫీ టేబుల్ మీద చూసిన గళ్లు ఆమెకి గుర్తొచ్చాయి. మొగుడి మాట పనికొచ్చిందని ఒప్పుకోవాల్సి వస్తుందేమోనని కాస్త బాధపడింది.

"కబళం వేద్దాం సార్."

"అంటే?"

"కావాలనే తప్పు చెబుదాం. మేస్త్రీ రైల్వే స్టేషన్‌కి వస్తున్నాడని రేడియో ఆపరేటరుకి చెప్పండి. లైబ్రరీకి వస్తున్నాడని సైఫర్ క్లర్కుకి చెప్పండి. సెంటుకి బస్టాండని చెప్పండి. స్టేషన్లో నేనుంటా, లైబ్రరీలో మీరుండండి. హంతకుడు ఎక్కడ దిగితే దొంగ ఆ చోటు విన్నవాడే. రెండు చోట్లా ఎవరూ రాకపోతే సెంటు."

"అసలు మేస్త్రీ ఎక్కడికొస్తాడు?"

"మా ఆయన క్లినిక్కుకి. పిల్ల బుగ్గ పట్టుకుని ఏడుస్తుంటే ఎవరు అనుమానిస్తారు? కబురు నేనే అందిస్తా. ఈ చోటు మీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు."

"నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?" అన్నాడు బాసు.

* * *

స్టేషన్లో బెంచీ మీద తెల్లజుట్టు ముసలమ్మ ఒకామె చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చుంది. కర్రలో తుపాకీ ఉంది. చెవి దుద్దులో మైక్ ఉంది. రైళ్లొచ్చాయి, పోయాయి. హంతకుడిలా కనిపించినవాడు ఒక్కడే, వాడు టికెట్ కలెక్టరు.

"ఇక్కడెవరూ లేరు సార్," అంది ముసలమ్మ దుద్దుతో.

"లైబ్రరీలోనూ లేరు," బాసు గొంతు ఉప్పొంగిపోతోంది. "పేపరు అడ్డం పెట్టుకుని పెట్టుకుని చేతులు లాగేస్తున్నాయి. ఇంకేం మిగిలింది చెప్పు?"

"సెంటే."

"నేను పొద్దున్నే అన్నానా లేదా?"

"నేనూ అనుకున్నాను సార్. అరెస్టు ఆర్డరు పంపించెయ్యండి." ఆ మాట అంటున్నప్పుడు గోరింకకి మనసు తేలికైంది. ఇక ఆ నవ్వు వినక్కర్లేదు.

"అప్పుడే రెడీ. ప్లాను మొత్తం పైవాళ్లకి పంపాలిగా, దాంతోపాటే టైపు చేయించేశాను."

గోరింక కర్ర మీద నుంచి గడ్డం ఎత్తింది. "టైపు చేయించారా? ఎవరితో?"

"నాకు టైపు రాదని నీకు తెలియదా ఏమిటి? పిన్నిగారితోనే."

"ప్లాను మొత్తమా? క్లినిక్కుతో సహా?"

"ప్లానంటే ప్లానే కదా, సగం ఎలా పంపుతాను?"

"సార్, ఆవిడ లిస్టులో లేదు."

"ఆవిడ లిస్టులో ఎందుకుంటుంది? లిస్టు టైపు చేసిందే ఆవిడ!" ఆ మాట తన చెవినే పడ్డట్టుంది, బాసు గొంతు తగ్గించాడు. "మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్లింది. పన్ను నొప్పట."

తప్పని తెలిసిన మాట వెయ్యబోయే ముందు, అసలు జాబితాలో ఉండాల్సిన మాటలన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. మొగుడు చెప్పబోయిన షరతు అదే అయ్యుంటుంది. కలము, బలము, జలము అని ఆమె మూడు వేళ్లు ముడిచి లెక్క తేల్చేసింది. నాలుగో మాట పొద్దున్న వచ్చి జుట్టు రాలుతోందని జాలిపడి వెళ్లింది.

ముసలమ్మ దౌడు తియ్యడం చూసి ప్లాట్‌ఫారం మీది జనం నోళ్లు తెరిచారు. విగ్గు టాక్సీలో ఊడింది. "పోనీ బాబూ, పోనీ!" అంటూనే ఉంది గోరింక. క్లినిక్కులో మేస్త్రీ, పిల్ల, ఏమీ తెలియని తన మొగుడు. ముగ్గుర్నీ ఆ గదిలోకి చేర్చింది తనే. తన తెలివే.

* * *

వెయిటింగ్ రూములో నీలం కుర్చీలు, గోడ మీద ఇంతేసి పళ్ల బొమ్మ. మేస్త్రీ ఒళ్లో పిల్ల నిద్రపోతోంది. పక్క కుర్చీలో పిన్నిగారు. బుగ్గకి రుమాలు కట్టుకుని ఉంది. చేతిలో పెన్ను.

తలుపు తోసిన గోరింకకి అదంతా కనబడింది. పెన్ను మూత ఊడడం కూడా కనబడింది. నిబ్బు ఉండాల్సిన చోట విషపు సూది. తుపాకీ పేలిస్తే పిల్లకి తగలొచ్చు. పరిగెత్తితే గది చివరికి చేరేలోగా అయిపోతుంది.

"నెక్స్ట్!" అన్నాడు లోపల్నుంచి డాక్టరు.

పిన్నిగారి చెయ్యి మేస్త్రీ మెడ వైపు కదిలింది. అదే క్షణంలో మాస్కు కట్టుకుని, ట్రే పట్టుకుని వస్తున్న నర్సు ఇద్దరి మధ్యా అడ్డంగా పడింది. ట్రే ఎగిరిపోయింది. సూది నర్సు అరచేతిలో దిగింది. గోరింక కుర్చీ మీద నుంచి దూకి పిన్నిగారి మణికట్టు విరిచి, ముఖాన్ని గోడమీది పళ్ల బొమ్మకి నొక్కిపట్టింది.

"మెల్లిగా అమ్మాయ్, పెద్దదాన్ని," అంది పిన్నిగారు, పొద్దుటి గొంతుతోనే.

పిల్ల లేచి ఏడుపు మొదలుపెట్టింది. మేస్త్రీ దాని కళ్లు మూశాడు. గదిలో డెట్టాలు వాసన మీదుగా ఇంకో వాసన వచ్చింది. గోరింకకి బాగా తెలిసిన వాసన. కింద పడిన నర్సు మాస్కు లాగేసుకుంది. సెంటు!

డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. ఆమె చేతికి పైన గట్టిగా కట్టు బిగించి, ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సుకి ఫోన్ చేశాడు. తర్వాత మెల్లిగా భార్య వైపు తిరిగాడు.

"కొత్త నర్సేమో అనుకున్నాను. నువ్వు ఇన్సూరెన్సు అనుకున్నాను."

అంబులెన్సు వాళ్లు వచ్చి ఇంజెక్షన్ ఇచ్చారు. ప్రాణానికి ఫరవాలేదన్నారు. కుడిచెయ్యి మాత్రం మళ్లీ పనిచేస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆఫీసు మనుషులు వచ్చి పిన్నిగారిని తీసుకుపోయారు. మేస్త్రీ పిల్లని ఎత్తుకుని వచ్చి స్ట్రెచర్ ముందు తల వంచి నిలబడ్డాడు.

గోరింక స్ట్రెచర్ పక్కన కూర్చుంది. "మేస్త్రీ బస్టాండుకి వస్తాడని నీకు చెప్పాంగా, ఇక్కడికెలా వచ్చావు?"

"చాలా రోజులుగా నా కన్ను ఆవిడ మీదే," అంది సెంటు. పెదాలు పాలిపోయినా నవ్వబోయింది. "బాసుకి చెబితే నవ్వాడు. ఇవాళ పన్ను నొప్పంటూ బయల్దేరితే వెనకే వచ్చా. నర్సు కోటు కొక్కేనికి కనిపించింది, తొడుక్కున్నా. నీకు చెబుదామనే అనుకున్నానక్కా. నువ్వు నాతో మాట్లాడవుగా."

చెవి దుద్దులో బాసు "అరెస్టు ఆర్డరు ఏం చెయ్యమంటావు? హలో? ఆర్డరు?" అంటున్నాడు. ఆమె దుద్దు తీసి నేలమీద పెట్టి కాలితో నొక్కేసింది.

"నన్నే అనుకున్నావు కదూ?" అంది సెంటు.

"నిన్నే. నువ్వే అయితే బాగుండునని కూడా అనుకున్నా." గోరింక కట్టు కట్టిన ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. అది బరువుగా, చల్లగా ఉంది. వేళ్లు తిరిగి పట్టుకోలేదు. "తప్పు నాది. నేనే పొరబడ్డాను."

గుమ్మంలో నిలబడ్డ డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పెళ్లయ్యాక ఆమె నోట ఆ మాట వినడం ఆయనకిదే మొదటిసారి. అదీ తనతో కాదు.