కాలిన టైమర్, చేరని కబురు

ఇడ్లీ పాత్ర ఇంకా పొయ్యి మీదే ఉంది. చంద్రికకు అప్పుడే కబుర్లు మోసే పని మొదలైంది.

"నీ బిడ్డకు చెప్పు, మోటరు బంద్ చెయ్యమని. ట్యాంకు నిండి పొర్లుతున్నది," అన్నాడు సూర్యప్రకాశ్ పేపరులోంచి తల ఎత్తకుండానే. ఆ బిడ్డ ఆయన పక్కనే నిలబడి జడ అల్లుకుంటోంది.

"విన్న అని చెప్పు అమ్మా," అంది ప్రవల్లిక.

చంద్రిక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఉగాది నుంచి ఇదే తంతు. ఆయనేమో యరమరస్ కరెంటు ప్లాంటులో ఎలక్ట్రికల్ సెక్షన్ మనిషి. ఆవిడగారేమో విత్తనాల కంపెనీ ఉద్యోగం మానేసి, వెనక గదిలో ఏసీ పెట్టి, పెద్ద పెద్ద లైట్ల కింద హోటళ్ళ వాళ్ళు పచ్చిగా వడ్డించే ఆకులు పెంచుతోంది. "రాయచూరుల ఎండకు కరువొచ్చిందని నా బిడ్డ కరెంటుతోని ఎండ కాయిస్తున్నది," అని పండగనాడు చుట్టాలందరి ముందూ ఆయన నవ్వాడు. అంతే, పిల్ల మాట మానేసింది. ఆయనా బిగుసుకున్నాడు. నడుమ జీతం లేని పోస్టుమ్యాన్ చంద్రిక.

ఇడ్లీలు తీస్తుండగా ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ప్రవల్లిక వెనక గదికి పరుగెత్తి కేక వేసింది. లైట్లు వాటంతటవే వెలిగి ఆరేందుకు గోడకు పెట్టిన టైమర్ డబ్బా నల్లగా మాడి, సాకెట్‌లోకి కరిగి పొగలు కక్కుతోంది. పక్కనే కర్టెన్ ఉంది. సూర్యప్రకాశ్ ఒక్క ఉరుకున వెళ్ళి మెయిన్ ఆపేశాడు. ఫ్యాన్లు, ఏసీ అన్నీ ఆగిపోయాయి.

"ఇంత తెలిసినోళ్ళు ఒక్క మాట చెప్పద్దా అమ్మా? కాలిపోయినా ఫికర్ లేదా? ఇగ ఈ ఇంట్ల ఉండ. సింధనూరుల గది చూసుకుంట," అంది ప్రవల్లిక. బీరువా తెరిచి బట్టలు బ్యాగులో కుక్కడం మొదలుపెట్టింది.

"చంద్రికా, నీ బిడ్డకు చెప్పు. ఆ డబ్బా గన్ని లైట్లు మొయ్యదు, నడుమ బరువు మోసే పెద్ద స్విచ్చు, కాంటాక్టర్ పెట్టాలె అని పోయిన వారమే చెప్పిన్నా లేదా?"

ఇద్దరూ చంద్రిక వైపు తిరిగారు.

చెప్పాడు, నిజమే. బట్టలు ఆరేస్తున్న చంద్రికకు ఆ పూట ఒళ్ళు మండింది. కావాలంటే ఆయనే చెప్పుకుంటాడులే అని కబురు మింగేసింది. గది ఊడుస్తూ ఆ డబ్బా ముట్టుకుంది కూడా. చెయ్యి చురుక్కుమంది. మే నెలలో ఇక్కడ ఏ స్విచ్చు చల్లగా ఉంటుందని ఊరుకుంది. ఇప్పుడు ఆమె కళ్ళు డబ్బా పక్కనున్న కర్టెన్ మీదికి పోయాయి.

"అవును, చెప్పలే!" అంది గట్టిగా. "మీ మాటలన్నీ నేనొక్కదాన్నే ఎందాక మొయ్యాలె? ఒక్క కంచంల తిన్న తండ్రీబిడ్డలు, ఎదురెదురుగ నిలబడి నన్ను చెప్పమంటరు. రేపు నిప్పంటుకున్నా గట్లనే అంటరా? నీ బిడ్డకు చెప్పు, ఇల్లు కాలుతున్నదని! నాన్నకు చెప్పు అమ్మా, బయటికి రమ్మని! ఇయ్యాల్టి సంది ఒక్క కబురు గూడ మొయ్య. పోయేటోళ్ళు పోండి, ఉండేటోళ్ళు ఉండండి!"

వంటింట్లోకి వెళ్ళి నేల మీద చతికిలబడి ఏడ్చింది. పిల్ల నిజంగా వెళ్ళిపోతుందేమోనని తలుపు వైపే చూసింది.

గదిలోంచి బ్యాగు సర్దుతున్న చప్పుడు వస్తోంది. తర్వాత సూర్యప్రకాశ్ గొంతు వినిపించింది. "ఆ లైట్లు ఎన్ని వాట్లంట?"

అలవాటు కొద్దీ చంద్రిక కోసమే ఆగినట్టున్నాడు. ఆమె కదల్లేదు.

"ప్రవల్లికా... నిన్నే బిడ్డా."

బ్యాగు జిప్పు చప్పుడు ఆగింది.

"ఒక్కోటి ఆరువందలు నాన్నా. ఆరు లైట్లు. అన్నీ ఆ డబ్బాకే ఇచ్చిన."

"మూడువేల ఆరువందల వాట్లా! బుద్ధుందా నీకు?"

"పదహారు ఆంపులని దాని మీదనే రాసుంది!"

"అది హీటర్ల లెక్క. గీ లైట్లు వేసిన ఘడియల ఒక్కసారే కరెంటు గుంజుతయి, ఆపైన దినమంతా మొయ్యాలె. నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

"ఎట్ల అడగాలె? అందరి ముందల నవ్వితివి కద."

చంద్రిక వంటింటి గోడకు చెవి ఆనించింది.

"నవ్విన," అన్నాడాయన మెల్లగా. "నవ్వకపోయేదుండె. ఆ బ్యాగు పక్కకు పెట్టు. కాంటాక్టర్ తెస్త. ముందుగాల వైరు చూపియ్యి... ఏందిది? గింత సన్న వైరా?"

"షాపాయన గిదే చాలన్నడు!"

"షాపాయనకు ఇంట్ల ఆడపిల్ల ఉన్నదా, కాలితే ఏడ్వనీకి?"

"నువ్వు అరవకుండ చెప్పు!"

"నువ్వు అరవకుండ విను!"

గొంతులు పెరుగుతూనే ఉన్నాయి. ఒకరి మాట ఒకరికే నేరుగా తగులుతోంది. చంద్రిక కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నిండాయి. సర్దిచెప్పడానికి మాత్రం లేవలేదు.