తోడు గిన్నె

“వెళ్ళకు వదినా!” అని ఆ సాయంత్రం తను నోరు తెరిచి అందా... లేక మనసులో అనుకుని ఊరుకుందా? ఇరవయ్యారేళ్ళుగా దీపం పెట్టిన ప్రతిసారీ శేషారత్నాన్ని ఈ సందేహమే తినేస్తోంది. భగవంతుణ్ణి అడిగింది. ఆయనా చెప్పలేదు!

దివిసీమ ఉప్పెన నాటి మాట. పాలు తోడుపెట్టుకోవడానికి కాస్త పెరుగు అడుగుదామని తను వదినా అని పిలిచే పక్కింటి కామేశ్వరి మేడకు వెళ్ళింది శేషారత్నం. అప్పటికి సుప్రజ కడుపులో ఉంది, నిండు నెలలు. ఉన్నట్టుండి గాలి ముదిరింది. “నువ్వు కదలకు రత్నం, పాకలో ఉన్న మీ అత్తగారిని నేను తీసుకొస్తా” అంటూ తోడు గిన్నె చేతిలో పెట్టి, ఆరేళ్ళ కూతురు ధరణిని అప్పగించి మెట్లు దిగింది కామేశ్వరి. అంతే... సముద్రం ఊళ్ళోకి వచ్చేసింది! వాళ్ళిద్దరూ శవాలై కూడా దొరకలేదు.

ఆనాటి నుంచి శేషారత్నం పెరుగు ముట్టలేదు. ధరణిని మేడ్చల్‌లో మేనమామ పెంచుకున్నాడు. తర్వాత శేషారత్నం కాపురమూ ఆ దగ్గర్లోని యాప్రాల్‌కే వచ్చింది. గంట ప్రయాణం! అయినా ఒక్కసారీ చూడబోలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

తల్లి కుమిలిపోవడం చూడలేక, సుప్రజ వాకబు చేసి ఇవాళ ఆ ధరణినే ఇంటికి తీసుకొచ్చింది.

“నన్నడక్కుండా ఎందుకు పిలిచావే!” అంటూ శేషారత్నం పూజగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

“ఏంది అత్తమ్మా, ఇంటికొచ్చినోళ్ళకు చాయ్ గూడ పొయ్యవా?” తలుపవతల మాట మేడ్చల్‌ది. గొంతు మాత్రం అచ్చం కామేశ్వరిదే!

తలుపు తీసి ధరణి చేతులు పట్టుకుని భోరుమంది శేషారత్నం. “మీ అమ్మను నేనే పంపేశానమ్మా! నువ్వక్కడే ఉన్నావు కదా, చెప్పు... నేను వద్దన్నానా? అనలేదా?”

“నాకెట్ల తెలుస్తది? గాలికి బుగులుపడి ఏడుస్తాంటే, గిన్నె పక్కకు వెట్టి, నన్ను దగ్గరికి తీసుకొని నా చెవులు గట్టిగ మూసినవ్. ఏం వినవడలే.” ధరణి కళ్ళు తుడుచుకుంది. “ఒక్కటి యాదికుంది. నీ రెండు చేతులు నా మీదనే ఉండె. ఇగ అమ్మను ఏ చేతులతోని ఆపుదువు?”

సందేహం తీరలేదు. ఇక తీరదు కూడా... కానీ శేషారత్నం మొదటిసారి తన చేతుల వంక చూసుకుంది.

దేవుడి పటం వెనక దాచిన ఆ తోడు గిన్నె తీసింది. ధరణి దాని అంచున చెక్కిన తల్లి పేరును వేలితో తడిమింది.

“ఉత్త గిన్నె వాపస్ ఇయ్యద్దంటరు కద అత్తమ్మా...”

శేషారత్నం వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె కడిగి, సుప్రజ తోడుపెట్టుకున్న పెరుగు రెండు చెంచాలు వేసి తెచ్చింది.

“తోడమ్మా... ఆ రోజు మీ అమ్మనడిగి తీసుకున్నాను.”