రెండో ఆనవాలు

తపాలా నావలో మన మనిషిని చంపినవాళ్ళు అతని కోటు అస్తరు వెతకడం మరిచిపోయారు. అందులో ఒకే ఒక్క ఫొటో దొరికింది. సముద్రం, చర్చి శిఖరం, దాని వెనక రెండుగా చీలిన కొండ.

కర్నల్ హెగ్‌స్టాడ్ దాన్ని బల్లమీద ముందుకు తోశాడు. "మన ఉత్తరాది ఫిన్‌మార్క్ తీరం. క్యాలెండర్ బొమ్మలా ఉంది. దీనికోసం మనిషిని చంపుతారటయ్యా, ఐలర్ట్?"

ఏజెంట్ ఐలర్ట్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. ఫొటో దగ్గరికి లాక్కున్నాడు.

"బొమ్మ కాదు సార్, ఆనవాలు. చర్చి శిఖరం ఆ చీలిక మధ్యలో కనబడేలా పడవ పోనిస్తే మా నాన్న చేపలు పట్టిన లోతు నీటికి దారి. కానీ ఇది సగమే. రెండో ఆనవాలు కూడా కలిస్తేనే చోటు దొరుకుతుంది. రెండోది మా జాలర్లు పెళ్ళాలకి కూడా చెప్పరు."

"ఆ లోతు ఎందాకా పోతుంది?"

"మన నౌకాస్థావరం గుమ్మం దాకా. సబ్‌మెరైన్ హాయిగా పడుతుంది."

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"నాన్న అక్కడే మునిగిపోయాడు. నేను మొదటిది ఒక్కరికే చెప్పాను." ఐలర్ట్ ఫొటో వెనక్కి తోశాడు. "గున్‌వోర్‌కి."

గున్‌వోర్ ఉత్తర తీరాల ఫొటోలకి పేరుమోసిన మనిషి. పత్రికలు ఎగబడి వేసుకునేవి. శత్రుదేశపు గూఢచారి ముఠాలో మనం నాటిన డబుల్ ఏజెంట్ కూడా ఆమే. కోడ్ పేరు 'హంస'. ఆమె వేలికి ఉన్న ఉంగరం ఐలర్ట్ తొడిగినది.

కర్నల్ అతని కప్పులో ఇంకాస్త కాఫీ పోశాడు.

"ఆమె వాళ్ళకి అమ్ముడుపోయి ఉంటే రెండోదాని కోసం నీ దగ్గరికే వస్తుంది. అబద్ధం చెప్పు. వాళ్ళ సబ్‌మెరైన్‌ని ఇసుకతిప్ప మీదకి తోలు. ఇదిగో లైటర్. ఆమె ఫొటో తీస్తే అడుగున బటన్ నొక్కు, మన నౌకలు కాపు కాస్తాయి."

"తియ్యకపోతే?"

"ఆ లైటర్‌తోనే సిగరెట్ ముట్టించుకో. నాకంటే సంతోషించేవాడు ఉండడయ్యా."

ఆమె రానే వచ్చింది. చేపలు ఎండబెట్టే పందిళ్ళు దాటి, ఇద్దరూ ఎక్కిన పడవ సముద్రంలోకి వెళ్ళింది.

"సగం చూపించి సగం దాచావు," అంది గున్‌వోర్, మెడలో కెమెరా సర్దుకుంటూ. "పెళ్ళయ్యాకైనా చెబుతావా, చేపలతోనే కాపురం చేస్తావా?"

ఐలర్ట్ నవ్వాడు. జాలరి కొడుకు పొగమంచు కోసం మొక్కుకోవడం అదే మొదటిసారి. కానీ ఆకాశం కడిగినట్టుంది.

"అదిగో, ఆ తెల్ల దీపస్తంభం ఎర్రకొండ కొమ్ముకి ఆనినట్టు కనబడాలి."

ఆమె అటు చూడలేదు. అతని మొహంలోకి చూసింది. "మీ నాన్న మీద ఒట్టు?"

నాన్న ఆ నీళ్ళకిందే ఉన్నాడు.

"ఒట్టు."

"చేతికి తొడుగు లేదేం? చలెయ్యదా?" తన కుడిచేతి ఉన్నితొడుగు తీసి అతనికి తొడిగింది. "ఇవాళ ఫొటోలొద్దులే. ఊరికే కూచుందాం."

ఐలర్ట్ ప్రాణం లేచొచ్చింది. జేబులోంచి సిగరెట్ తీసి పెదవుల మధ్య పెట్టుకున్నాడు. లైటర్ మూత తెరిచాడు.

"వెలుతురు మరీ బాగుంది. పాడు అలవాటు," అంటూ ఆమె కెమెరా ఎత్తింది.

క్లిక్.

అతను సిగరెట్ సముద్రంలో పారేసి, బటన్ నొక్కాడు.

"ఇటు తిరుగు. రీల్లో ఒకటి మిగిలింది. నవ్వు, ఐలర్ట్!"

నవ్వాడు.

కొన్నాళ్ళకి శత్రువుల సబ్‌మెరైన్ మన స్థావరానికి కూతవేటు దూరంలో, టార్పెడోలు సిద్ధంగా పెట్టుకుని, ఇసుకతిప్ప ఎక్కి కూచుంది. నౌకలు చుట్టుముట్టాయి. ఒక్క తూటా పేలలేదు. హంస జాడ మాత్రం దొరకలేదు. తప్పుడు ఆనవాలు తెచ్చినవాళ్ళని ఆ ముఠా ఏం చేస్తుందో కర్నల్‌కీ తెలుసు, ఐలర్ట్‌కీ తెలుసు.

సబ్‌మెరైన్ కెప్టెన్ గదిలో దొరికిన ఫొటోల్లోంచి కర్నల్ ఒకటి పక్కకి తీశాడు. "దీన్ని రికార్డుల్లో ఎక్కించలేదు. ఉంచుకో. ఆ పరిస్థితిలో అంత చక్కగా ఎలా నవ్వావయ్యా?"

"నవ్వమంది సార్," అన్నాడు ఐలర్ట్. "ఆమె మాట ఎప్పుడూ కాదనలేదు."