ఎద్దుల ముందు పోసిన రొట్టెలు

రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులు. మాచర్ల నుంచి నరసరావుపేటకు నాపరాళ్లు తోలే నాగూర్ వలి బండి కట్టాడంటే వారానికి గాని ఇల్లు చేరడు. ఆ వారానికి సరిపడా జొన్నరొట్టెలు పెళపెళలాడేలా కాల్చి, ఆరబెట్టి, పండుమిరప కారంతో మూటకట్టి ఇవ్వడం తల్లి చాంద్ బీ పని. కోడలు సాబిరా కాపురానికొచ్చి ఏడాదైనా, ఆ రొట్టెల మీద ఆమెను చెయ్యి వేయనివ్వలేదు. పైగా కోడలికి రొట్టె కాల్చడం రాదని వీధిలో అందరికీ చెప్పేది.

ఆ ఉదయం సాబిరా అత్తకంటే ముందే లేచి రొట్టెలన్నీ కాల్చింది. చాంద్ బీ ఒకటి విరిచి చూసింది. తట్ట ఎత్తుకెళ్లి మొత్తం ఎద్దుల ముందు పోసింది. మళ్లీ పిండి కలుపుకుని పొయ్యి ముందు కూర్చుంది.

సాబిరా గుంజకు ఆనుకుని చూస్తూ నిలబడింది. అత్త ఆఖరి రొట్టె చాటలో వేసి లేవగానే, నీళ్ల బిందె తెచ్చి రొట్టెల మీద కుమ్మరించింది.

నాగూర్ వలి లోపలికొచ్చి తడిసిన రొట్టెలు చూశాడు. రెంటచింతలలోని పుట్టింటికి పొమ్మని భార్య మీద చెయ్యెత్తాడు.

“పోతాలే. ఎద్దులు తిన్న రొట్టె నువ్వు తినకూడదంటే ఈ ఇంట్లో నేనెవర్ని? చెప్పత్తా, నా చేతిలో ఏమన్నా విషముందా?” అంది సాబిరా.

చాంద్ బీ కొడుకు చెయ్యి పట్టి కిందికి దించింది. గోడకు చేరగిలబడింది.

“వీణ్ణి కని నేను పురిట్లో ఉన్నా. మీ మామకి పక్కింటామె రొట్టెలు కాల్చిచ్చింది. పచ్చిగా ఉండి చెడిపోతే పారేసి, దోవలో ఏదో కొనుక్కు తిన్నాడంట. కలరా. నూజెండ్ల కాడ బండిలోనే పోయాడు. బిడ్డని సరిగా ఎత్తుకోనన్నా లేదు.”

కోడలి ముఖం చూడకుండానే అంది. “నీ రొట్టె బాగానే కాలిందే. అయినా వాడికియ్యటానికి నాకు చెయ్యి రాలా.”

నాగూర్ వలి బయటికెళ్లి, రొట్టెలయ్యేదాకా ఆగుదామని కాడి కట్టిన ఎద్దులను విప్పేశాడు. సాబిరా కొంగుతో ముఖం తుడుచుకుని, మిగిలిన పిండి పళ్లెంలో పోసుకుంది. చాంద్ బీ పొయ్యి ముందు నుంచి పక్కకు జరిగింది. కోడలు రొట్టె తిప్పినప్పుడల్లా అత్త పెనం వైపు చెయ్యి చాపబోయి ఆగేది.

పొద్దెక్కాక నాగూర్ వలి మళ్లీ బండి కట్టాడు. మూట కొడుకు చేతికిస్తూ, “మీ ఆవిడ కాల్చింది. ఒక్కటి కూడా పారెయ్యమాక” అంది చాంద్ బీ.